అరవైకి దగ్గరలో మళ్లీ ఓనమాలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో 1981 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం వాళ్లు ఫోన్ చేసి "నీ రంగంలో నువ్వు సాధించినవాటి గురించి నాలుగు మాటలు చెప్పు" అన్నారు. ఇక్కడ డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, తహసీల్దారుగా చేసి రిటైరైనవాళ్లున్నారు. నేను హైదరాబాదులో పిల్లలకు కీబోర్డు, పియానో నేర్పే సంగీతం మాస్టరును. సాధించినవాటి జాబితా చదివితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. అందుకని ఈ మధ్య నేను ఫెయిలైన ఒక సబ్జెక్టు గురించి చెప్తాను. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఫెయిలయ్యాను, మళ్లీ కూర్చుని చదివాను. పూర్తిగా పాసయ్యానో లేదో మీరే చెప్పాలి.

ఎల్లారెడ్డి నుంచి బస్సులో కామారెడ్డి పోయి, అక్కడ మీటర్ గేజ్ రైలెక్కి సికింద్రాబాదులో దిగినప్పుడు నాకు తెలిసిన సంగీతమల్లా భజన మండలి హార్మోనియం, బతుకమ్మ పాటలు, మన బడి ప్రార్థన. కాలేజీలో ఒక దోస్తు చర్చి కోయిర్‌లో పాడేవాడు. ఐదు గీతల మీద చుక్కలు పెట్టి పాటను కాగితం మీద రాయొచ్చని అతని దగ్గరే మొదటిసారి చూశాను. దాన్నే స్టాఫ్ నొటేషన్ అంటారు. మనం స, రి, గ, మ అని అక్షరాల్లో రాసుకునేదాన్ని వాళ్లు చుక్కల్లో రాస్తారు. చుక్క ఎంత పైనుంటే స్వరం అంత పైది. చుక్క ఆకారాన్ని బట్టి అది ఎంతసేపు నిలవాలో తెలుస్తుంది. ఆ విద్యే నాకు అన్నం పెట్టింది.

మొదట్లో చేత్తోనే రాసేవాణ్ణి. 2003లో ఫినాలే అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకున్నాను. డీటీపీ తెలిసినవాళ్లకు ఒక్క మాటలో చెప్పాలంటే, పుస్తకాలకు పేజ్‌మేకర్ ఎట్లాగో సంగీతానికి ఫినాలే అట్లా. 1988లో అమెరికాలో మొదలైంది. ఇరవై ఒక్క ఏళ్లు దానితోనే బతికాను. పిల్లల పాఠాలు, స్టూడియోలో వయొలిన్ వాయించేవాళ్లకు ఇచ్చే కాగితాలు, చర్చి కోయిర్ పాటలు అన్నీ అందులోనే. కళ్లు మూసుకున్నా వేళ్లు వాటంతటవే పోయేవి.

2024 ఆగస్టు 26న దాన్ని తయారుచేసే మేక్‌మ్యూజిక్ కంపెనీ ఒక ప్రకటన ఇచ్చింది. ముప్పై అయిదేళ్ల తర్వాత ఫినాలేను ఇక అభివృద్ధి చేయడం ఆపేస్తున్నామని, కావాలంటే డోరికో అనే మరో సాఫ్ట్‌వేర్‌కు తక్కువ ధరకు మారవచ్చని. పాత కంప్యూటర్లో పాత ఫినాలే పనిచేస్తూనే ఉంటుంది. కానీ ఆ కంప్యూటర్ ఎన్నాళ్లుంటుంది? ఈ సావనీరు కూర్చిన డీటీపీ తమ్ముణ్ణి అడగండి, పేజ్‌మేకర్ ఆగిపోయి ఇన్‌డిజైన్ వచ్చినప్పుడు ఎట్లా ఉండిందో చెప్తాడు.

నా బాధ పొట్టకూటి గురించి మాత్రమే కాదు. ఆ కంప్యూటర్లో "ఊరి పాటలు" అని ఒక ఫోల్డరుంది. 2003లో కొత్తగా సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న ఉత్సాహంలో ఒక టేప్ రికార్డరు పట్టుకుని ఊరికొచ్చాను. మా అమ్మ, మా పెద్దమ్మ, వాళ్లతో నాట్లకు పోయే ఆడవాళ్లు పాడితే రికార్డు చేసుకున్నాను. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, జోలపాటలు, మొత్తం ముప్పై నాలుగు. వాటిని విని ఐదు గీతల మీద రాశాను. తర్వాత ఆ క్యాసెట్లు అటక మీద బూజు పట్టిపోయాయి. అమ్మ పోయింది. ఆ గుంపులో చాలామంది పోయారు. పాటలు ఆ ఫోల్డర్లోనే మిగిలాయి. ఆ ఫోల్డరును తెరిచే తాళంచెవి ఫినాలే. తాళంచెవులు చేసేవాడు దుకాణం మూసేశాడు.

సరే, డోరికో కొన్నాను. దాని కథ కూడా గమ్మత్తుగా ఉంది. సిబీలియస్ అని ఫినాలేకు పోటీగా ఉండే సాఫ్ట్‌వేర్‌ను లండన్‌లో ఒక బృందం తయారుచేసేది. 2012లో యజమాని కంపెనీ ఆ లండన్ ఆఫీసు మూసేసింది. అందులోవాళ్లను స్టైన్‌బర్గ్ అనే జర్మనీ కంపెనీ తీసుకుంటే, వాళ్లు పాతదాన్ని పక్కనపెట్టి మొదటి గీత నుంచి కొత్తగా కట్టినదే డోరికో. పదహారో శతాబ్దంలో రోము నగరంలో సంగీత పుస్తకాలు అచ్చేసిన వలేరియో డోరికో పేరు పెట్టారు. 2016 అక్టోబరులో విడుదలైంది. మన కామారెడ్డి జిల్లా పుట్టిన నెలే అది. ఈ లెక్కన మన జిల్లాకు, దానికి ఒకటే వయసు.

మొదటి రోజు సంగతి చెప్తాను. ఏదైనా కొత్తది నేర్చుకునేటప్పుడు బాగా తెలిసినదానితో మొదలుపెట్టాలి, తప్పయితే వెంటనే తెలుస్తుంది. అందుకని బడిలో రోజూ పాడిన జనగణమన రాయాలనుకున్నాను. ఫినాలేలో ఒక లెక్క పొడవున్న స్వరానికి 5 నొక్కుతాం. సగానికి 4, రెట్టింపుకు 6. ఇరవై ఒక్క ఏళ్ల అలవాటు కదా, అదే వేగంతో టకటకా కొట్టుకుంటూ పోయాను. డోరికోలో ఒక లెక్కకు 6 నొక్కాలి. అంటే నేను నొక్కినవన్నీ ఒక మెట్టు కిందికి జారి, ప్రతి స్వరం సగమైపోయింది. వినిపించమని మీట నొక్కాను. యాభై రెండు సెకన్లలో పాడాల్సిన జాతీయగీతం ఇరవై ఆరు సెకన్లలో అయిపోయింది. గౌరవంగా లేచి నిలబడి బట్టలు సర్దుకునేలోపే జయహే వచ్చేసింది.

నవ్వండి, పర్వాలేదు. కానీ ఆ రోజు నాకు నవ్వు రాలేదు. తెలియనివాడికి ఒకటే పని, నేర్చుకోవడం. తెలిసినవాడికి రెండు పనులు, మరిచిపోవడం ఒకటి, నేర్చుకోవడం ఇంకొకటి. మొదటిదే కష్టం. మూడు వారాలు అట్లాగే తిట్టుకుంటూ గడిపాను. ఏ పనైనా ఆగితే "ఫినాలేలో అయితే ఇట్లా ఉండేదా" అనుకోవడం, పాతదాన్ని తెరిచి అందులో చేసుకోవడం.

నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి కీబోర్డు నేర్చుకుంటుంది. ఒకరోజు క్లాసుకు ముందుగా వచ్చి నా వెనక నిలబడి చూస్తోంది. నేనొక గుర్తును మౌసుతో పట్టుకుని పక్కకు లాగుతున్నాను, అది రావడం లేదు. ఆ అమ్మాయి మెల్లగా అడిగింది, "సార్, దాన్ని ఎందుకు లాగుతున్నారు? అది ఏ స్వరానికి చెందుతుందో చెప్తే అదే పోయి కూర్చుంటుంది కదా?"

అప్పుడు నాకు మన బడిలో లెక్కల సారు గుర్తొచ్చారు. నేను పక్కవాడి పలకలోంచి జవాబు చూసి రాసేవాణ్ణి. జవాబు సరిగ్గానే ఉండేది. సారు సున్నా వేసేవారు. "జవాబు సరే, దారి ఏదిరా?" అనేవారు. నలభై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఒక తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. ఆ రోజు నుంచి మా క్లాసు రెండు భాగాలైంది. మొదటి ముప్పావు గంట నేను సారును. చివరి పావుగంట ఆ అమ్మాయి టీచరు, నేను విద్యార్థిని. హోంవర్కు కూడా ఇచ్చేది.

అసలు తేడా ఏమిటో మెల్లగా అర్థమైంది. డోరికోలో రాసే గది వేరు, పేజీ అందంగా సర్దే గది వేరు. రాసే గదిలో ఉన్నప్పుడు దేన్నీ కంటికి ఇంపుగా ఉందని పక్కకు జరపనివ్వదు. ఈ స్వరం ఎంతసేపు, ఈ మాట ఏ స్వరం కింద, ఈ గుర్తు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, ఇవే అడుగుతుంది. నాకేమో ఇరవై ఏళ్లుగా సరిగ్గా కనబడితే చాలు, లోపల ఏముందో ఎవరు చూస్తారన్న అలవాటు. తొందరలో అడ్డదారులు తొక్కినవాణ్ణి. అది పాత సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, నా తప్పు.

ఆ తప్పు ఊరి పాటల ఫోల్డరు తెరిచినప్పుడు బయటపడింది. ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి సంగీతాన్ని తీసుకుపోవడానికి మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ అనే ఉమ్మడి పద్ధతి ఉంది. 2004 నుంచి వాడుకలో ఉంది. అది చాలా నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లలో తెరుచుకుంటుంది. ఫినాలేలో ఒక ఫోల్డరు మొత్తాన్ని ఒకేసారి ఆ పద్ధతిలోకి మార్చే సౌకర్యం ఉంది. మార్చాను. డోరికోలో తెరిచాను.

సగానికి పైగా పాటలు శుభ్రంగా వచ్చాయి. స్వరాన్ని స్వరంగా, తాళాన్ని తాళంగా రాసినవన్నీ దాటి వచ్చాయి. కంటికి సరిపెట్టినవే రాలేదు. మాటల సంగతి చూడండి. ఆ రోజుల్లో మనమంతా తెలుగును యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టేవాళ్లం. పైకి "క" కనబడేది, లోపల ఉండేది ఏదో ఇంగ్లిషు అక్షరం. ఆ ఫాంటు లేనిచోట మా అమ్మ పాడిన మాటలు ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల చిందరవందరగా దర్శనమిచ్చాయి. మార్చే పనిముట్లు ఉన్నాయి కాబట్టి చాలావరకు బాగుచేసుకున్నాను. మిగతావి పాత ప్రింట్లు చూసి మళ్లీ టైపు చేశాను.

మాటల తర్వాత స్వరాల పొడవుల దగ్గర చిక్కొచ్చింది. నాట్ల పాటలో ఒకరు అందుకుంటారు, మిగతావాళ్లు పట్టుకుంటారు. వంగి నాటు పెడుతూ పాడేటప్పుడు పంక్తి చివర ఊపిరిని బట్టి సాగుతుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. నేనేమో ప్రతి పంక్తినీ నాలుగు లెక్కల గదుల్లో ఇరికించి, మిగిలింది చుక్కలను పక్కకు లాగి సరిపెట్టాను. ఆ లాగినదేదీ దాటి రాలేదు. అన్నీ నాలుగేసి లెక్కల్లో బ్యాండు మేళంలా నిలబడ్డాయి. అసలు ఎంత సాగేదో క్యాసెట్టు వింటే తెలుస్తుంది. క్యాసెట్టు లేదు.

ఎల్లారెడ్డి బస్సెక్కాను. మా పెద్దమ్మకు ఎనభై నాలుగేళ్లు. కళ్లు మందగించాయి, చెవులు బాగున్నాయి. ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి ఆమె పాటే ఆమెకు వినిపించాను. ఓపికగా మొత్తం విన్నది.

"గిదేం పాట బిడ్డా?"

"నువ్వు పాడిందే పెద్దమ్మా. నాట్ల పాట."

"నేను పాడినట్టు లేదు. ఊపిరి సుత తీసుకోనిస్తలేదు గా మిషన్."

నాకు గుండె గతుక్కుమంది. ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ మారినందుకు పాట పాడైందనుకున్నాను. ఫినాలేలో ఉన్న పాత ఫైలు కూడా తెరిచి వినిపించాను. దాన్నీ అదే మాట అన్నది. అంటే పాట ఇప్పుడు పాడవలేదు. 2003లోనే తప్పు రాశాను. కాగితం మీద చక్కగా కనబడుతుంది కాబట్టి ఇరవై ఏళ్లు నా తప్పు నాకు తెలియలేదు. మారాల్సి రాకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. పెద్దమ్మ ఉండగా తెలిసింది, అంతే నా అదృష్టం.

ఆ సాయంత్రం ఆమె కూర్చుని పాడింది. గొంతు వణికింది కానీ లయ వణకలేదు. ఈసారి ముందుగా గదులు కట్టలేదు. డోరికోలో తాళం చెప్పకుండా స్వరాలను వాటి పొడవులతో వరసగా రాసుకుంటూ పోవచ్చు, గీతలు తర్వాత వేసుకోవచ్చు. ఆమె ఊపిరి ఎక్కడ ఆగిందో అక్కడే గీత వేశాను. తెల్లారి వినిపిస్తే ఈసారి తల ఊపింది. "ఇప్పుడు జర నయం" అన్నది. నా జీవితంలో వచ్చిన మార్కుల్లో అవే పెద్ద మార్కులు.

ఇది నా ఒక్కడి కథ కాదు. 1904లో తెలుగు లిపిలో ఒక మహాగ్రంథం వెలువడింది, సంగీత సంప్రదాయ ప్రదర్శిని. రాసినది సుబ్బరామ దీక్షితులు, ముత్తుస్వామి దీక్షితుల వంశంవారు. అచ్చయింది తమిళనాడులోని ఎట్టయపురంలో, అక్కడి జమీందారు అండతో. దీక్షితులవారు గురుముఖంగా నేర్చుకున్నవారు. కర్ణాటక సంగీతాన్ని ఐదు గీతల మీద రాసి అచ్చువేసిన చిన్నస్వామి ముదలియార్ గారు ఆయన్ని పట్టుబట్టి ఒప్పించారు. ఉత్త సరిగమలు రాస్తే చాలదు కదా, ఏ స్వరం ఎట్లా ఊగాలో, ఎక్కడ జారాలో కూడా తెలియాలి. అందుకని కంపితం, స్ఫురితం, జారు లాంటి గమకాలకు ఒక్కోదానికి ఒక్కో గుర్తు పెట్టి ఆ పుస్తకం నిండా వాడారు. పుస్తకం వెలువడేనాటికి ఆయనకు అరవై అయిదేళ్లు. రెండేళ్లకు, 1906లో కాలం చేశారు. జీవితమంతా ఒక పద్ధతిలో నడిచిన మనిషి చివరి ఏళ్లలో ఇంకో పద్ధతిలో రాయడానికి కూర్చోకపోతే మనకు దక్కకుండా పోయేవి ఎన్నో. ఆయనతో నన్ను పోల్చుకోవడం లేదు. యాభై ఎనిమిదికే "నాకిప్పుడు ఇవన్నీ ఎందుకు" అనుకున్నందుకు సిగ్గుపడ్డానని చెప్తున్నాను.

మన బ్యాచ్‌లవాళ్లలో కూడా ఈ మాట అనేవాళ్లున్నారు. బ్యాంకు యాప్ దగ్గర అంటారు, భూముల ఆన్‌లైన్ రికార్డుల దగ్గర అంటారు, బడిలో డిజిటల్ బోర్డు దగ్గర అంటారు. వాళ్లకు నా అనుభవం మూడు మాటల్లో చెప్తాను.

ఒకటి. పాతది మూతపడకముందే దాచుకోండి, ఒకే రూపంలో కాదు. నా పాటలు ఇప్పుడు డోరికోలో ఉన్నాయి, మ్యూజిక్ ఎక్స్ఎంఎల్‌లో ఉన్నాయి, పీడీఎఫ్‌లో ఉన్నాయి, కాగితం మీదున్నాయి. పాడిన గొంతు రికార్డింగు విడిగా మూడు చోట్ల ఉంది.

రెండు. కొత్తది నేర్చుకునేటప్పుడు పాతదాన్ని కొన్నాళ్లు తెరవకండి. నేను ఫినాలే గుర్తును తెర మీద నుంచి తీసేసిన వారం నుంచే వేళ్లు దారికొచ్చాయి.

మూడు. మీకంటే చిన్నవాళ్లను అడగండి. అడగడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ దండగ.

ఇక మన బడికి నేను చేయగలిగింది చెప్పి ముగిస్తాను. డోరికో అసలు వెర్షను ఖరీదైనదే. కానీ మ్యూజ్‌స్కోర్ అని ఉచితంగా దొరికేది ఒకటుంది, దానిలోనూ మ్యూజిక్ ఎక్స్ఎంఎల్ తెరుచుకుంటుంది. హెడ్‌మాస్టరు గారు ఒప్పుకుంటే వేసవి సెలవుల్లో రెండు వారాలు వచ్చి, మన కంప్యూటర్ గదిలో దాన్ని పెట్టి, ఆసక్తి ఉన్న పిల్లలకు నేర్పుతాను. ఊరి పాటల ఫోల్డరు మొత్తం బడికి ఇచ్చేస్తాను. పిల్లలు వాళ్ల అమ్మమ్మల దగ్గర కూర్చుని ఇంకో ముప్పై నాలుగు పాటలు రాసుకొస్తే నా ప్రాణం చల్లగా ఉంటుంది.

చివరగా ఒక అడుగుడు. ముప్పై నాలుగు పాటల్లో ముప్పై మూడు బాగయ్యాయి. ఒకటి కాలేదు. అది మా అమ్మ పాడిన జోలపాట. దాని రెండో సగం మాటలు, స్వరాలు అప్పట్లో తొందరలో చేత్తో రాసిన కాగితాన్ని స్కాన్ చేసి, పేజీ కింద బొమ్మగా అతికించాను. కంప్యూటర్ మార్చినప్పుడు ఆ బొమ్మ పోయింది, కాగితం దొరకలేదు. పెద్దమ్మకు మొదటి సగమే వచ్చు. "మీ అమ్మ అత్తగారింట్ల నేర్సుకున్నది" అన్నది. కొత్త ఫైలులో ఆ చోటును దేనితోనూ సరిపెట్టలేదు, ఖాళీగానే ఉంచాను.

మా అమ్మ అత్తగారిల్లంటే ఇదే ఎల్లారెడ్డి. ఈ సభ అయ్యాక చెట్టు కింద కూర్చుంటాను. మొదటి సగం నేను పాడతాను. మీలో ఎవరికైనా, మీ ఇంట్లో పెద్దవాళ్లకెవరికైనా మిగతాది వస్తే వచ్చి చెప్పండి. రికార్డరు తెచ్చుకున్నాను.